గోనె సంచిలో యుద్ధం: తాతయ్య జీపు నిజంగా ఎక్కడిది?

ఈసారి కోటలు లేవు, శాసనాలు లేవు. ఒక గోనె సంచి ఉంది.

నర్సీపట్నం దగ్గర మా పెదనాన్న వాళ్ళ ఊళ్ళో, పశువుల పాక పక్కన రేకుల షెడ్డులో ఒక పాత జీపు ఉంది. దాని వెనక సీటు కింద ఈ సంచి. నిండా తుప్పు పట్టిన ఇనప ముక్కలు. అవేంటో ఇంట్లో ఎవరికీ తెలీదు, పారేయడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు. ఎందుకంటే అవి దాచింది తాతయ్య.

తాతయ్య ఆ బండిని ‘బర్మా జీపు’ అనేవారు. యుద్ధంలో తిరిగిన బండి అనీ, యుద్ధం అయ్యాక విశాఖపట్నంలో వేలంలో కొన్నాననీ చెప్పేవారట. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆర్‌సీ పుస్తకం ఏదో తుఫానుకి తడిసి ముద్దయిపోయింది. బండి స్టార్టయి పదేళ్ళు. ఇప్పుడు సంగతేంటంటే, పాత ఇనుము కొనే అతను సోమవారం వస్తానన్నాడు. జీపూ సంచీ కలిపి కిలోల లెక్కన. మా అన్నయ్య అమ్మేద్దాం అంటాడు, షెడ్డు ఖాళీ అవుతుందని. పెదనాన్న ఔననరు, కాదనరు. నాకు ఫోన్ చేసి ఒకటే మాట అన్నారు. “ఒరేయ్, నువ్వేవో పాత సంగతులు తవ్వి చెప్తుంటావు కదా. ఓసారి వచ్చి చూసి చెప్పు. నాన్న చెప్పింది నిజమా, ఊరికే గొప్పకి చెప్పుకున్నారా?”

శుక్రవారం రాత్రి బస్సెక్కాను.

శనివారం పొద్దున్నే షెడ్డు తలుపు తీసి చూశా, చూసిన పది నిమిషాల్లో తీర్పు చెప్పేశా. ఇక్కడే నా తొందర. బానెట్ ఎత్తుగా ఉంది, దాని ముందు గ్రిల్‌లో ఏడు నిలువు కంతలున్నాయి, లోపల డీజిల్ ఇంజన్ ఉంది. “పెదనాన్నా, ఇది మహీంద్రా బండి. యుద్ధానికీ దీనికీ సంబంధం లేదు” అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. కండువా దులుపుకుని గేదెల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ వెళ్ళిన తీరు చూశాక నాకు టిఫిన్ దిగలేదు.

నేను ఎందుకలా అన్నానో చెప్తాను, అందులో తర్కం లేకపోలేదు. యుద్ధం నాటి జీపుకి బానెట్ పల్చగా, కిందకి ఉంటుంది. ఆ ఇంజన్‌లో వాల్వులన్నీ పక్కన బ్లాకులోనే ఉండేవి కాబట్టి పైన ఎత్తు అక్కర్లేదు. 1953లో విల్లీస్ కంపెనీ సీజే-3బి అనే మోడల్ తెచ్చింది. దాని ‘హరికేన్’ ఇంజన్‌లో ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లోకి వెళ్ళాయి. ఇంజన్ పొడుగైంది. కొత్త బాడీ గీసే ఓపిక లేక పాత బాడీ మీదే బానెట్‌ని ఎత్తేశారు. అందుకే ఆ బండి టోపీ పెట్టుకున్నట్టు ఉంటుంది. మన దేశంలో మహీంద్రా ఏళ్ళ తరబడి తయారు చేసింది ఆ ఎత్తు బానెట్ బండినే. పాత సినిమాల్లో పోలీసు జీపు, ఎన్నికల్లో మైకు కట్టిన జీపు, అడవుల్లో రేంజర్ గారి జీపు గుర్తు తెచ్చుకోండి, చాలా వరకు ఆ వంశమే.

ఇక ఏడు కంతలు. యుద్ధం నాటి జీపుకి తొమ్మిది ఉంటాయి. 1945లో యుద్ధం అయిపోగానే విల్లీస్ వాళ్ళు రైతుల కోసమని సీజే-2ఎ తెచ్చారు. దాని హెడ్‌లైట్లు పెద్దవి. వాటికి చోటు కావాలి కదా, కంతలు ఏడయ్యాయి. ఆ ఏడే తర్వాత జీప్ బ్రాండుకి గుర్తైపోయింది. ఈ మొహం ఎంత విలువైందంటే, 2018లో ఫియట్ క్రైస్లర్ వాళ్ళు మహీంద్రా వాళ్ళ రాక్సర్ బండి మా జీపు రూపాన్ని కాపీ కొట్టిందని అమెరికాలో ఫిర్యాదు చేశారు. 2020లో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ అవును, పోలిక ఉంది అంది. మహీంద్రా ఆ బండి మొహం మార్చాల్సి వచ్చింది. బానెట్టూ గ్రిల్లూ చూసి బండిని గుర్తుపట్టడం కోర్టు దాకా పోయిన విద్య అన్నమాట. నేను ఆ విద్యే వాడాను. కానీ సగమే వాడాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సంచి నేల మీద గుమ్మరించాను.

మొదట చేతికొచ్చింది నల్లటి చిన్న డబ్బా లాంటి దీపం. వెనకవైపు రెండు బోల్టులు. ముందు మూతకి పెద్ద అద్దం లేదు, చిన్న చిన్న చీలికలు ఉన్నాయి, పిల్లి కళ్ళలాగా. మా అన్నయ్య “సైకిల్ డైనమో లైటేమో” అన్నాడు. కాదు. దీన్ని చూడగానే నా గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. ఇది బ్లాకౌట్ దీపం.

రాత్రిపూట పైనుంచి విమానాలు బాంబులేస్తున్న కాలంలో హెడ్‌లైట్ వేసుకుని వెళ్తే ‘ఇదిగో నేనిక్కడున్నాను’ అని చెప్పినట్టే. అది ఎక్కడో యూరప్ గొడవ అనుకోకండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజుల్లో సముద్రతీరంలో దీపం వెలిగించడం ఎంత భయమో మన ముత్తాతల తరానికి తెలుసు. మరి సైన్యం చీకట్లో వందల బండ్లని ఒకదాని వెనక ఒకటి నడిపించాలంటే ఎలా? ముందు బండిని వెనక డ్రైవర్ చూడాలి, పైనున్న పైలట్ చూడకూడదు.

ఆ చీలికలే దానికి జవాబు. వెనక బండి మరీ దగ్గరికి, అంటే 60 అడుగుల లోపుకి వస్తే డ్రైవర్‌కి నాలుగు వెలుగు చుక్కలు కనబడతాయి. 60 నుంచి 180 అడుగుల మధ్య ఉంటే జంటలు కలిసిపోయి రెండే కనబడతాయి. ఇంకా వెనకబడితే అన్నీ కలిసి ఒకటే. నాలుగు కనబడితే స్పీడు తగ్గించు, ఒకటి కనబడితే పెంచు, రెండు ఉంటే సరిగ్గా ఉన్నావు. అంతే. సెన్సర్ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, మన కంటి బలహీనతే ఇక్కడ కొలబద్ద. మనిషి కన్ను రెండు చుక్కల్ని విడివిడిగా చూడాలంటే వాటి మధ్య కోణం డిగ్రీలో సుమారు అరవయ్యో వంతు ఉండాలి. 180 అడుగులంటే దాదాపు 55 మీటర్లు. ఆ దూరంలో అది సుమారు 16 మిల్లీమీటర్లు. 60 అడుగుల దగ్గర 5 మిల్లీమీటర్లు. నేను స్కేలు తెచ్చి ఆ దీపం మీద పెట్టి చూశా. చీలికల మధ్య ఎడం దాదాపుగా ఆ లెక్కలకే వచ్చింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎంతో కోడ్ రాశాను గానీ, ఇంత తక్కువలో ఇంత పని చేసే డిజైన్ ఒక్కటీ నా చేత్తో రాలేదు, ఒప్పుకుంటున్నా.

దీనికి తోడు ఆ జీపులో లైటు స్విచ్ కూడా తమాషాగా ఉండేది. నాబ్ లాగితే మొదట బ్లాకౌట్ దీపాలే వెలుగుతాయి. మామూలు హెడ్‌లైట్ కావాలంటే పక్కనున్న చిన్న బటన్ నొక్కి మరీ ఇంకా లాగాలి. ‘మీరు నిజంగానే చేయాలనుకుంటున్నారా?’ అని ఫోన్ అడిగినట్టు. పొరపాటున చెయ్యి తగిలి లైటు వెలిగితే చావులే కదా.

తర్వాత ఒక ఇనప పట్టీ. దానికి మడతబందు, చివర రెక్కల నట్టు. అంటే స్పానర్ లేకుండా వేళ్ళతో తిప్పే నట్టు. దీనికి నాకు చాలాసేపు పట్టింది. హెడ్‌లైట్ తగిలించే బ్రాకెట్ అది. ఆ రెక్కల నట్టు వదులు చేస్తే హెడ్‌లైట్ మొత్తం వెనక్కి తిరిగి ఇంజన్ వైపు చూస్తుంది. రాత్రి దారిలో బండి ఆగిపోతే మెకానిక్‌కి టార్చి పట్టుకునే మనిషి అక్కర్లేదు. ఈ ఆలోచన ఫోర్డ్ వాళ్ళ నమూనా బండి నుంచి వచ్చింది. ఇప్పటి లక్షల రూపాయల కార్లలో కూడా ఇది లేదు, ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

ఇంకొకటి, అల్లిన రాగి తీగల పట్టీ, బెత్తెడు పొడుగు, రెండు చివర్లా బోల్టు కంతలు. అన్నయ్య “బ్యాటరీ ఎర్తు వైరు” అన్నాడు. దగ్గరికొచ్చాడు. పెట్రోల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ కొట్టినప్పుడల్లా రేడియోలో గరగర వస్తుంది. యుద్ధంలో రేడియో వినబడకపోతే ఆర్డరు అందదు. అందుకని బానెట్‌కీ బాడీకీ, ఇంజన్‌కీ చాసిస్‌కీ ఇలాంటి పట్టీలు కట్టి ఆ గోలని అణిచేవారు. అలా చేసిన జీపుల బానెట్ మీద నంబర్ చివర ‘ఎస్’ అనే అక్షరం వేసేవారు. పాత ఫొటోల్లో చూసి ఆ ఎస్ ఏంటా అని తికమకపడేవాళ్ళకి ఇదీ సంగతి.

చిన్న చిన్న ఇనప కొంకీలు ఐదారు, అగ్గిపెట్టె కన్నా చిన్నవి. బాడీ మీద వీటిని బిగించి తోలు పట్టీలు దూర్చి గొడ్డలి, పార, టార్పాలిన్ కట్టేవారు. ఇవి తెలిసినవే, వీటి గురించి ఎక్కువ చెప్పను.

ఒక ముక్క మీద మాత్రం గంటన్నర పోయింది. వంకరగా, బరువుగా, ఒక చివర అరిగి మెరుస్తూ ఉంది. వించ్ తాలూకుదా? ట్రాలీ తగిలించే కొక్కెమా? ఎన్ని బొమ్మలతో పోల్చినా కలవదు. అప్పుడే మా పెద్దమ్మ టీ పట్టుకొచ్చి, “అదా, మన పాత బావి గిలక కొక్కెం కదరా” అంది.

సరే. ఇప్పుడు మీకు అనుమానం రావాలి. సంచిలో మిలటరీ సామాను ఉంటే బండి మిలటరీది అయిపోతుందా? కాదు. యుద్ధం అయ్యాక ఇలాంటి విడి భాగాలు డిస్పోజల్స్‌లో కుప్పలు కుప్పలుగా అమ్మారు. ఎవరైనా కొని సంచిలో వేసుకోవచ్చు. సంచి సాక్ష్యం మాత్రమే, రుజువు బండిలోనే దొరకాలి. బాడీ, బానెట్, ఇంజన్ మారిపోయే వస్తువులు. మన దగ్గర రేకు తుప్పు పడితే కొత్త బాడీ కట్టిస్తారు, పెట్రోల్ ఖర్చు భరించలేక డీజిల్ ఇంజన్ ఎక్కిస్తారు. ఆ డీజిల్ ఇంజన్‌కి ఎత్తు కావాలి కాబట్టి ఎత్తు బానెట్ వేస్తారు. పొద్దున నేను చూసిందల్లా ఈ చొక్కానే. ఎముకలు చూడలేదు. ఎముకలంటే చాసిస్.

ఆ చాసిస్‌లో ఏం వెతకాలో తెలియాలంటే కాసేపు 1940కి వెళ్ళాలి.

ఆ ఏడాది జూలైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకి ఉత్తరాలు రాసింది. నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి వెళ్ళే చిన్న బండి కావాలి, బరువు 1,300 పౌండ్లు, అంటే 590 కిలోలు దాటకూడదు, నమూనా 49 రోజుల్లో తేవాలి అని. ఆ బరువు కుదిరే పని కాదు, ఎవరూ చేయలేకపోయారు కూడా. ఆ గడువు చూసి చాలామంది జవాబే ఇవ్వలేదు. 49 రోజుల మాట నిలబెట్టుకుంది పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊళ్ళోని బాంటమ్ అనే చిన్న కంపెనీ. అప్పటికే దివాలా అంచున ఉంది. కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీర్‌ని పిలిపించుకుంది, ఆయన కొద్ది రోజుల్లో బొమ్మలు గీసేశాడు. సెప్టెంబర్ 23న, సరిగ్గా గడువు రోజునే, బండి సైన్యం చేతికి అందింది.

బహుమతి ఏంటో తెలుసా? ఆ డ్రాయింగ్‌లని సైన్యం తీసుకెళ్ళి విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ చూపించింది. ఇంత చిన్న కంపెనీ వేలల్లో బండ్లు తయారు చేయలేదని భయం. 1941లో పెద్ద కాంట్రాక్ట్ విల్లీస్‌కి పోయింది, వాళ్ళ ఇంజన్ అందరికన్నా బలమైనది, 60 హార్స్‌పవర్. అదీ చాలక, విల్లీస్ డిజైన్‌నే ఫోర్డ్ కూడా తయారు చేయాలని ఒప్పందం. యుద్ధం ముగిసేసరికి విల్లీస్ సుమారు మూడు లక్షల అరవై వేలు, ఫోర్డ్ రెండు లక్షల డెబ్భై ఏడు వేల పైన తయారు చేశాయి. బాంటమ్ చేసినవి మొత్తం 2,700 లోపు. చివరికి జీపుని కన్న కంపెనీ జీపు వెనక తగిలించే ట్రాలీలు చేసుకుంటూ మిగిలిపోయింది. నాకు ఈ కథలో ఎప్పుడూ గుచ్చుకునేది ఇదే.

ఇప్పుడు అసలు పాయింట్. విల్లీస్ బండి పేరు ఎంబి, ఫోర్డ్ బండి పేరు జీపీడబ్ల్యూ. రెండూ కవల పిల్లలు. ఏ నట్టు దేనికైనా పట్టాలి, సైన్యం పెట్టిన షరతే అది. రిపేరు డిపోల్లో దీని ఇంజన్ దానికి, దాని చక్రం దీనికి వేసేవారు. మరి కవలల్ని ఎలా గుర్తుపడతాం? పుట్టుమచ్చలు చూసి. ఫోర్డ్ వాళ్ళు తమ భాగాల మీద ‘ఎఫ్’ అక్షరం కొట్టేవారు, ఆఖరికి బోల్టు తలల మీద కూడా. ఇంకా, బంపర్ వెనక రేడియేటర్ కింద అడ్డంగా ఉండే చాసిస్ కమ్మీ చూడాలి. విల్లీస్‌కి అది గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌కి నలుచదరంగా, తిరగేసిన తొట్టిలా ఉంటుంది. చాసిస్ నంబర్ విల్లీస్ వాళ్ళు చిన్న ప్లేటు మీద కొట్టి లోపలివైపు రివెట్లతో బిగించేవారు. ఆ ప్లేటు ఊడిపోతే అంతే సంగతులు. ఫోర్డ్ వాళ్ళు ఎడమ పక్క చాసిస్ ఇనుము మీదే నేరుగా కొట్టేవారు.

ఆ తొమ్మిది కంతల గ్రిల్ కూడా ఫోర్డ్ వాళ్ళదే, తెలుసా? మొదట్లో విల్లీస్ ఇనప కడ్డీలు వెల్డింగ్ చేసి కిటికీ ఊచల్లా పెట్టేది, అలాంటివి ఇరవై ఐదు వేల దాకా వచ్చాయి. ఫోర్డ్ ఒకే రేకుని ప్రెస్‌లో నొక్కి కంతలు కోసింది. తేలిక, చవక. విల్లీస్ కూడా అదే తీసుకుంది. ఇంకోమాట, జీపీ అంటే ‘జనరల్ పర్పస్’ అనీ దాన్నుంచే జీప్ వచ్చిందనీ బోలెడు వీడియోల్లో విని ఉంటారు. ఫోర్డ్ కోడ్‌లో జీ అంటే గవర్నమెంట్, పీ అంటే 80 అంగుళాల వీల్‌బేస్ బండి, డబ్ల్యూ అంటే విల్లీస్ డిజైన్. జనరలూ లేదు, పర్పసూ లేదు.

మళ్ళీ షెడ్డులోకి వద్దాం. నేను కింద దూరాలంటే బండి బయటికి రావాలి, చక్రాలు తిరగట్లేదు. అన్నయ్య ముందు చక్రం తీద్దామని స్పానర్ పట్టుకుని కూర్చున్నాడు. నేను ఫోన్‌లో ఏదో బొమ్మ చూసుకుంటున్నా. తలెత్తి చూసేసరికి మధ్యలోని ఐదు నట్లు వదిలేసి, వాటి బయట గుండ్రంగా ఇంకో వరస నట్లు ఉంటే, వాటికి స్పానర్ తగిలించాడు. “అన్నయ్యా, ఆగు!” అని అరిచాను. ఎంత గట్టిగా అంటే పాకలో గేదె లేచి నిలబడింది.

ఎందుకంటే అది కాంబాట్ రిమ్. మామూలు రిమ్ ఒకే ముక్క. ఇది రెండు ముక్కలు, ఆ బయటి నట్లే వాటిని కలిపి పట్టుకుంటాయి. టైరుకి బుల్లెట్ తగిలి గాలి పోయినా టైరు రిమ్ నుంచి జారిపోకుండా, బండి ఇంకా కొంత దూరం పరిగెత్తేలా చేసిన ఏర్పాటు. కానీ లోపల గాలి ఉండగా ఆ నట్లు విప్పితే ఆ ఇనప ముక్క మొహం మీదకి పేలుతుంది. మనుషులు పోతారు. ఆ టైరులో గాలి ఉందో లేదో కూడా మాకు తెలీదు. ముందు వాల్వు లోపలి పిన్ను తీయాలి, గాలి పూర్తిగా పోయిందని చూడాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. పిన్ను తీశాం. ‘బుస్స్’ మని వచ్చింది. తక్కువే, కానీ వచ్చింది. అన్నయ్య స్పానర్ కింద పెట్టి కాసేపు గడప మీద కూర్చున్నాడు. మీ ఇళ్ళలో, మీ ఊళ్ళో పాత మెకానిక్ షెడ్లలో రెండు వరసల నట్లున్న పాత చక్రం కనబడితే ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి, మిగతా ఎపిసోడ్ మర్చిపోయినా పర్లేదు.

ఐదు చక్రాల్లో, స్టెప్నీతో కలిపి, మూడు మాత్రమే అలాంటివి. రెండు మామూలువి. ఎడమ పక్క చక్రాల నట్లు ఎంత తిప్పినా రాలేదు, ఇంకా బిగుస్తున్నాయి. తర్వాత గుర్తొచ్చింది, ఆ కాలపు జీపుల్లో ఎడమ పక్క మరలు తిరగేసి ఉంటాయి. చక్రం తిరిగే వైపుకి నట్టు వదులవకుండా. మన అలవాటు ప్రకారం విప్పుతున్నాం అనుకుంటూ బిగిస్తున్నామన్నమాట.

సాయంత్రానికి బండి బయటికొచ్చింది. బంపర్ వెనక చెయ్యి పెట్టి తడిమా. గుండ్రంగా లేదు. నలుచదరం. ఇదొక్కటే చాలదు, డెబ్భై ఏళ్ళలో ఎవరో ఒకరు వెల్డింగ్ పెట్టి కమ్మీ మార్చి ఉండొచ్చు. ఎడమ పక్క చాసిస్ మీద మడ్డీ, దాని కింద పెయింట్, దాని కింద ఇంకో పెయింట్. గ్రైండర్ పెడితే అక్షరాలు కూడా పోతాయి. కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్, ఓపిక, మూడే పనిముట్లు. పచ్చ రంగు పోయింది, నీలం పోయింది, దాని కింద మాసిన ఆలివ్ రంగు. ఆ రంగు కనబడగానే పెద్దమ్మని ముగ్గుపిండి అడిగాను. ఇనుము మీద రుద్ది గుడ్డతో తుడిస్తే గుంటల్లో తెల్లగా నిలబడిపోయింది. జీ. పీ. డబ్ల్యూలో సగం. ఆ తర్వాత అంకెలు, మొదటి రెండూ తెలుస్తున్నాయి, మిగతావి తుప్పు తినేసింది. ఏ నెలలో తయారైందో చెప్పాలంటే పూర్తి నంబర్ కావాలి, అది కుదరదు. కానీ యుద్ధం నాటి ఫోర్డ్ చాసిస్ అన్నది ఖాయం. ఆ తర్వాత బోల్టులు వెతికితే ఎఫ్ ఉన్నవి నాలుగు దొరికాయి.

ఇలాంటి బండ్లు మన దేశంలోకి రావడం వింత కాదు. అస్సాంలో, బర్మా సరిహద్దులో అమెరికా, బ్రిటిష్ సైన్యాలు వేల జీపులు వాడాయి. యుద్ధం అయ్యాక వెనక్కి తీసుకెళ్ళే ఖర్చు ఎందుకని ఇక్కడే వదిలేసినవి, అమ్మేసినవి చాలా. సెకండ్‌హ్యాండ్ జీపు ఆ రోజుల్లో ఎంత పెద్ద వ్యవహారమో చెప్పాలంటే, స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద కుంభకోణంగా చెప్పుకునేది జీపులదే. 1948లో కాశ్మీర్ యుద్ధానికని లండన్‌లో మన హైకమిషనర్ వి.కె. కృష్ణ మేనన్ జీపులకి దాదాపు 80 లక్షల ఒప్పందం చేసుకున్నారు. డబ్బు చాలావరకు ముందే చెల్లించారు, వచ్చినవి 155. అవీ సరిగ్గా లేవని గొడవ. 1955లో ప్రభుత్వం ఆ కేసు మూసేసింది.

ఇంకోవైపు 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అని ఉక్కు వ్యాపారం కంపెనీ మొదలైంది. భాగస్వామి గులాం మహమ్మద్ దేశ విభజనలో పాకిస్తాన్ వెళ్ళి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. ఇక్కడ కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది, బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టింది. అలా మా షెడ్డులో ఈ రెండు దారులూ కలిశాయి. కింద ఫోర్డ్ ఎముకలు, పైన మహీంద్రా చొక్కా, లోపల ఎక్కడిదో డీజిల్ గుండె. తాతయ్య బాడీ మార్పించినప్పుడు ఊడదీసిన పాత ముక్కల్ని పారేయనివ్వకుండా సంచిలో కట్టించుకున్నారని నా ఊహ. ఊహే. ఆ కొత్త గ్రిల్‌కి పాత హెడ్‌లైట్ బ్రాకెట్ పట్టదు, అందుకే సంచిలోకి పోయుంటుంది.

ఆదివారం రాత్రి అరుగు మీద పెదనాన్న పక్కన కూర్చుని పొద్దున్నుంచీ మనసులో అనుకున్నదంతా చెప్పాను. ముందు తప్పు చెప్పానని కూడా చెప్పాను. ఆయన ముగ్గుపిండి అంటిన ఆ అక్షరాల ఫొటోని ఫోన్‌లో పెద్దది చేసి చాలాసేపు చూశారు.

“అయితే బర్మా సంగతి?” అన్నారు.

“అది ఇనుము చెప్పదు పెదనాన్నా. యుద్ధం నాటి బండి అన్నంత వరకే చెప్తుంది. బర్మా వెళ్ళిందో లేదో కాగితం ఉంటే తప్ప తెలీదు.”

“వేలంలో కొన్నారన్నది?”

“కొనుండొచ్చు. అలా అమ్మారన్నది మాత్రం నిజం.”

ఆయన ఫోన్ నా చేతికిచ్చి, “నాన్న బర్మా వెళ్ళాడని ఎప్పుడూ అనలేదురా. బండి వెళ్ళిందనేవాడు” అని నవ్వారు. రెండు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

సోమవారం ఇనుము అతను తక్కెడ తెచ్చుకుని వచ్చాడు. పెదనాన్న అతనికి పాత పంపుసెట్టు పైపులూ, విరిగిన నాగలి చెక్కా, బావి గిలక కొక్కెం అమ్మారు. కొక్కెం అమ్మినందుకు పెద్దమ్మ సాయంత్రం దాకా మాట్లాడలేదు. సంచిలో ప్రతి ముక్కకీ నేను దారంతో చీటీ కట్టి, అదేంటో తెలుగులో రాసి అటక మీద పెట్టాను. అన్నయ్య మిగతా రెండు కాంబాట్ రిమ్‌ల గాలి కూడా తీసేసి, గోడ మీద సుద్దతో ‘విప్పరాదు’ అని రాశాడు.